కుందేళ్ల వాగులో పొగాకు

"రొట్టెలు కాస్త ఎక్కువే చెయ్యి. రోడ్డు వాళ్ళు కూడా వస్తున్నారు," అన్నాడు గిల్బర్ట్ బూట్లు తొడుక్కుంటూ.

మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో మీటింగు. ఆ మీటింగులో తప్పు ఒప్పుకోవలసింది డెల్ఫీన్. వచ్చినవాళ్ళందరికీ బానక్ రొట్టెలు కాల్చి పట్టుకెళ్ళవలసింది కూడా డెల్ఫీనే. పిండిముద్ద చేసేదీ తనే, ముద్దాయీ తనే అనుకుంటూ ఆమె పెద్ద గిన్నెలో పిండి పోసి, కొవ్వు వేసి, రెండు చేతులూ మణికట్టు దాకా దించింది. పిండి కలుపుతూంటే నడుం లాగేస్తోంది. నిన్న రాత్రి నిద్ర లేదు. నిద్ర లేకపోయినా తెల్లారడం మానలేదు, తెల్లారాక స్టవ్వు వెలిగించమని ఇంకెవరికీ తోచనూ లేదు.

"నీళ్ళు," అన్నాడు గిల్బర్ట్ రెండో బూటు దగ్గర ఆగి.

గిల్బర్ట్ ఆ ఊరి నీళ్ళ లారీ డ్రైవరు. నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే చోట గొట్టాలు వేయరు. లారీలో మోసుకొచ్చి ఇంటింటి ట్యాంకూ నింపుతారు. ఊరందరికీ నీళ్ళు పోసే మనిషికి సొంత ఇంట్లో గ్లాసు నిండాలంటే మాత్రం డెల్ఫీన్ లేవాలి. సొంత ఇంటి ట్యాంకు వంతు ఎప్పుడూ ఆఖరే. "మన ఇల్లే కదా, ఎక్కడికి పోతుంది," అంటాడు. ట్యాంకు ఖాళీ అని ఎర్రదీపం వెలిగాక అంట్లు ఎలా తోమాలో, అత్తగారికి స్నానం ఎలా చేయించాలో చూసుకోవడం ఇంట్లో ఉన్నవాళ్ళ పని. ఇంట్లో ఉన్నవాళ్ళంటే డెల్ఫీన్.

ఆమె చేతుల పిండి వదిలించుకుని నీళ్ళు ఇచ్చింది. అతను తాగి, గ్లాసు చెక్కబల్ల మీద పెట్టి, గుమ్మంలో నిలబడ్డాడు.

"కర్టిస్ మాట్లాడాక ఊరికే తలూపు. చాలు. నోరు తెరిచే పని కూడా లేదు నీకు."

లారీ స్టార్టయింది. ఊరి నీళ్ళన్నీ వెనకేసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పటిదాకా ఆ ఊరికి రోడ్డు అంటే గడ్డకట్టిన మంచే. చలికాలంలో పెద్ద నదీ, బురద నేలలూ బిగిసిపోతే లారీలు దక్షిణం నుంచి వచ్చేవి. మంచు కరిగితే రోడ్డు కూడా కరిగిపోయేది. ఇప్పుడు ఏడాది పొడుగునా ఉండే కంకర రోడ్డు వేస్తారట. వేసేముందు, దారిలో తగిలే ప్రతి వాగులోనూ నీళ్ళూ, అడుగు మట్టీ తీసి పరీక్షకు పంపాలి. అది మొదటి లెక్క. రేపు దుమ్మూ డీజిలూ పడి వాగు పాడైతే, పాడైందని అనడానికి, ఇదివరకు బాగుండేదన్న రుజువు ఒకటి ఉండాలి కదా. లేకపోతే ఇది ఎప్పుడూ ఇంతే అని చెప్పి వెళ్ళిపోతారు. ఈ సంగతి కర్టిస్ మొదటిసారి చెప్పినప్పుడు డెల్ఫీన్‌కి తన సంగతే గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు తన నీళ్ళు ఎవరూ సీసాలో పట్టి దాచలేదు. ఆమె అప్పుడు తెగ నవ్వేదనీ, డప్పుల డాన్సులో అందరికంటే ఆఖరున కూర్చునేదనీ చెప్పడానికి రుజువేదీ మిగల్లేదు. "నువ్వెప్పుడూ ఇంతే, మూతి ముడుచుకునే ఉంటావు," అని గిల్బర్ట్ అన్నప్పుడల్లా, అదే మొదటి లెక్కగా ఖాయమైపోయింది.

కర్టిస్ దక్షిణాది కుర్రాడు. నీళ్ళ పరీక్షల కంపెనీ మనిషి. డెల్ఫీన్ కూతురి వయసుంటుంది. మాట మెత్తన, గడ్డం మెత్తన. ఊరివాళ్ళలో ఒకరిని పక్కన పెట్టుకోవాలన్నది రూలు గనక డెల్ఫీన్‌ని పెట్టుకున్నాడు. ఆ పనికి ఇద్దరు ఉండి తీరాలి. పద్ధతి చెప్పే పుస్తకంలోనే వాళ్ళిద్దరికీ పేర్లు పెట్టేశారు. ఒకరివి శుభ్రమైన చేతులు, ఇంకొకరివి మురికి చేతులు. శుభ్రమైన చేతులవాళ్ళు సీసాని తప్ప దేన్నీ ముట్టుకోకూడదు. మురికి చేతులవాళ్ళు సీసాని తప్ప అన్నిటినీ ముట్టుకోవాలి. పడవ ఇంజిన్ లాగడం, తాడు కట్టడం, ఐసు పెట్టె మోయడం, ఎలుగుబంటి వస్తుందేమోనని తుపాకీ భుజాన వేసుకోవడం, పై సంచీ విప్పి పట్టుకుంటే లోపలి సంచీలోంచి కర్టిస్ తన తెల్లటి గ్లవ్స్‌తో సీసా తీసుకోవడం, అతను రాళ్ళ మీద జారకుండా వెనకనుంచి నడుం పట్టీ పట్టుకోవడం, అంతా అయ్యాక టీ కాచడం. దీనికి రెండు రోజుల ట్రైనింగ్ ఇస్తామన్నారు. డెల్ఫీన్ ఒక్క పూటలో నేర్చేసుకుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆమె చేసే పనే అది. పేరు మాత్రమే కొత్తగా తెలిసింది.

వేసవంతా వాళ్ళు పడవలో వాగులు నదిలో కలిసే చోటి దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి దోమల మధ్య రోడ్డు గీత పడబోయే చోటికి నడిచేవాళ్ళు. వాగు పైన నీళ్ళు గలగలా కబుర్లాడుకుంటూ పోయేవి. పడ్డదంతా దిగేది మాత్రం అడుక్కే. కర్టిస్ ఆ అడుగు మట్టిని చిన్న ప్లాస్టిక్ గరిటెతో ఎత్తుతూ ఉంటే, అన్నీ మోసే అడుగుని ఎవరూ ఏదీ అడగరు గదా అనుకునేది డెల్ఫీన్. సాయంత్రం కర్టిస్ ఫోన్లో ఆఫీసుకి చెప్పేవాడు: "ఇవాళ మూడు వాగులు పూర్తి చేశాను. డెల్ఫీన్ చాలా సాయం చేసింది." అతను చేస్తే పని. ఆమె చేస్తే సాయం. ఇంట్లో ఎప్పుడైనా గిల్బర్ట్ కప్పు కడిగితే అది కూడా సాయమే. ఆ సాయాన్ని మాత్రం అతను వారం రోజులు గుర్తు చేస్తాడు.

అయినా ఒక్క ఆశ ఉండేది. వచ్చే వసంతానికి ఆమెకి శుభ్రమైన చేతుల ట్రైనింగ్ ఇప్పిస్తామన్నారు. తర్వాత ఊరివాళ్ళలోంచే ఇంకొకరిని తోడిచ్చి, ఆ వాగుల పని ఆమెకే అప్పగిస్తారట. తెల్లటి గ్లవ్స్ తొడుక్కుని, పక్కన ఇంకొకరు సంచీ విప్పి పట్టుకుంటూ ఉండగా, సీసాని తప్ప ఏదీ ముట్టుకోకుండా ఒక్క గంట నిలబడడం ఎలా ఉంటుందో ఆమె అంట్లు తోముతూ ఊహించుకునేది. అంతకంటే పెద్ద సెలవు ఆమెకి ఎప్పుడూ తోచలేదు.

ఇక పొగాకు సంగతి. నీళ్ళ దగ్గరికి వెళ్ళి నీళ్ళకి ఏమీ ఇవ్వకుండా రావడం ఆ ఊరివాళ్ళలో లేదు. చిటికెడు పొగాకు వేస్తారు, మంచి మనసుతో ఒక మాట అనుకుంటారు. డెల్ఫీన్ ఈ ఉద్యోగంలో చేరిన రోజే అత్తగారు అల్ఫోన్సీన్ తీర్పు ఇచ్చేసింది: "వాళ్ళ సీసాలు మూసేశాక ఇవ్వు. తీసుకున్నాక ఇచ్చినా నీళ్ళు ఏమీ అనుకోవు. అసలు ఇవ్వకపోతే అనుకుంటాయి." డెల్ఫీన్ ప్రతి వాగు దగ్గరా అలాగే చేసింది. సీసాలు పెట్టెలోకి వెళ్ళాక, నాలుగడుగులు కిందికి నడిచి, తన సంచీలోంచి చిటికెడు తీసి నీళ్ళలో వదిలేది. కర్టిస్ చూస్తూ ఉండేవాడు. ఆకురాలే కాలంలో, ఆఖరి ప్రయాణంలో, పడవలో అడిగాడు.

"నేను కూడా ఇవ్వొచ్చా?"

అడిగాడు కదా అని ఆమెకి ముచ్చటేసింది. చిటికెడు ఇచ్చింది. "సీసాలు మూసేశాక," అంది.

కుందేళ్ల వాగు దగ్గర ఆ రోజు లార్చ్ చెట్లన్నీ పచ్చబంగారంలా ఉన్నాయి. కర్టిస్ గ్లవ్స్ తొడుక్కుని, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, చుట్టూ చూసి కదిలిపోయాడు. జేబులోంచి పొగాకు తీసి, కళ్ళు మూసుకుని, నీళ్ళలో వదిలాడు. ఆ తడి గ్లవ్స్‌తోనే సీసా అందుకోబోయాడు.

"గ్లవ్స్ మార్చుకో," అంది డెల్ఫీన్ వెనకనుంచి నడుం పట్టీ పట్టుకుని.

"ఫర్వాలేదులెండి. ఈ క్షణాన్ని పాడుచెయ్యొద్దు," అన్నాడు కర్టిస్ మెల్లగా, ఇంకా సగం కళ్ళు మూసుకునే.

క్షణం పాడవలేదు. నీళ్ళు పాడయ్యాయి. ఆమె మళ్ళీ చెప్పలేదు. ఒకసారి చెప్పి ఊరుకోవడం ఇంట్లో అలవాటైన విద్య. రెండోసారి చెబితే సతాయింపు అంటారు.

మొన్న పరీక్షశాల నుంచి కబురొచ్చింది. కుందేళ్ల వాగు సీసాలో పొగాకు పీచులు తేలాయి. పొగాకులో ఉండే లోహం, నీళ్ళలో ఉండకూడనంత లెక్క తేలింది. ఆ నీళ్ళు పనికిరావు, ఏం జరిగిందో ఊరివాళ్ళకీ రోడ్డు వాళ్ళకీ వివరించాలి. పొగాకు అనగానే అందరూ ఒకరి వంకే చూశారు. నిన్న కర్టిస్ ఇంటికి వచ్చాడు, టీ తాగాడు, ఎండుమాంసం నమిలాడు, ఆ తర్వాత చాలాసేపు నీళ్ళు నమిలాడు.

"డెల్ఫీన్, నేను మీ సంప్రదాయం అని చెబుతాను. ఎవరూ ఒక్క మాట అనరు. అందరికీ గౌరవమే."

"వేసింది నువ్వు కదా."

"అదే. మీరు వేస్తే సంప్రదాయం. నేను వేస్తే నిర్లక్ష్యం. నాకు లైసెన్సు పోతుంది. ఇంట్లో చంటిపిల్ల ఉంది." అతని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. కాకపోతే ఆ నీళ్ళని పరీక్షకి పంపే పద్ధతేదీ లేదు. "మీకు పోయేదేమీ లేదు. కాస్త... వసంతం ట్రైనింగ్ సంగతి ఒకటి. ఇలా జరిగాక, ఊరివాళ్ళని సీసాల దగ్గరికి రానివ్వడం కొన్నాళ్ళు కుదరకపోవచ్చు. పొగాకు కూడా వద్దంటారేమో, వాగుల దగ్గర. మీరు అర్థం చేసుకుంటారని తెలుసు."

అర్థం చేసుకోవడం కూడా మురికి చేతుల పనే.

రాత్రి భోజనాల దగ్గర గిల్బర్ట్‌కి చెప్పింది. మొత్తం చెప్పింది, కళ్ళు మూసుకున్న సంగతితో సహా. అతను తెల్లచేప ముల్లు తీసుకుంటూ విన్నాడు. విని, "అయితే ఇప్పుడేమంటావు?" అన్నాడు. ఆమె ఏమంటుందో అతనికి తెలుసు. ఏమీ అనకూడదన్నదే అతని ప్రశ్న. రోడ్డు పడితే కంకర చదును చేసే గ్రేడరు బండి నడిపే ఉద్యోగం అతనికే ఇస్తామన్నారు. కంపెనీ వాళ్ళతో పేచీ పెట్టుకున్న ఇంటికి ఎవరిస్తారు? "ఒక్క చిటికెడు పొగాకు కోసం నా రోడ్డు మూసేస్తావా?" అన్నాడు. ఆ తర్వాత హాయిగా గురక పెట్టాడు. డెల్ఫీన్ చీకట్లో పడుకుని, ఒప్పేసుకుంటే ఎలా ఉంటుందో చూసుకుంది. సులువుగానే ఉంది. తలూపితే చాలు. ఇన్నేళ్ళుగా ఊపుతున్న తలే. మాడిన కూరకీ, పాడైన హీటరుకీ, అలిగి వెళ్ళిపోయిన కూతురికీ, గిల్బర్ట్ తాగొచ్చిన రాత్రులకీ, అన్నిటికీ ఊగి ఊగి కీలు వదులైపోయింది. ఒప్పుకోవడానికి కాదు భయం. ఎంత సులువుగా ఉందో చూసి భయమేసింది.

"ఏమే, పిండి అలా పిసుకుతూనే ఉంటే రొట్టె రాయిలా వస్తుంది," అంది అల్ఫోన్సీన్.

ముసలావిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చెప్పుల మీద పూసలు కుడుతోంది. చూపు తగ్గినా నోరు తగ్గలేదు. రాత్రి కొడుకూ కోడలూ మాట్లాడుకున్నది గోడ అవతలనుంచి పూర్తిగా వింది.

"ఒప్పేసుకోరాదే? నోరు అరిగిపోతుందా?"

"నేను చెయ్యలేదు అత్తా."

"చేశావని ఎవరన్నారు? ఒప్పుకోమన్నాను. రెండూ ఒకటేనా?" దారం కొరికింది. "నేను ఒప్పుకోలేదూ? మీ మామ పడవ అడ్డంగా తిప్పి, కొత్త మోటారు నది మధ్యలో ముంచేశాడు. కొట్టు నుంచి అరువు తెచ్చిన మోటారు. మగాడు మోటారు ముంచాడంటే ఇంకెవరైనా అరువిస్తారా? నేనే బిగించడం మర్చిపోయానని చెప్పాను. ఏం పోయింది నాకు?"

డెల్ఫీన్ చేతులు పిండిలో ఆగిపోయాయి.

ఆ ఊళ్ళో అల్ఫోన్సీన్ అనే పేరు ఉత్తగా ఎవరూ అనరు. మోటారు ముంచిన అల్ఫోన్సీన్ అంటారు. డెల్ఫీన్ కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే విన్న కథ అది. పెళ్ళిళ్ళలో చెబుతారు, చేపల వలల దగ్గర చెబుతారు, పడవ ఎక్కే ప్రతి ఆడపిల్లకీ "మోటారు బిగించావా, లేక అల్ఫోన్సీన్‌లా..." అంటారు. మోటారు ముంచినప్పుడు పుట్టని పిల్లలు కూడా నవ్వుతారు. మామగారు పోయినప్పుడు, చర్చిలో, ఆయన ఎంత మంచివాడో చెబుతూ ఫాదర్ ఆ కథే చెప్పాడు: భార్య మోటారు ముంచినా ఒక్క మాట అనని మనిషి. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. అల్ఫోన్సీన్ కూడా.

"మామయ్యా ముంచింది?" అంది డెల్ఫీన్.

ముసలావిడ పూస ఒకటి వేలి చివర పట్టుకుని, సూది దానికి అందకుండా కాసేపు అలాగే ఉండిపోయింది. ఈ మాట ఇంతకుముందు ఎవరితోనూ అనలేదని అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"ఎవరైతేనేం. ఇప్పుడు నది దిగి తీస్తావా?" అంది. "రొట్టెలు చూసుకో."

హాల్లో కుర్చీలన్నీ నిండాయి. ముందు వరసలో పెద్దవాళ్ళు, పక్కన రోడ్డు వాళ్ళు, వెనక గోడకి ఆనుకుని గిల్బర్ట్. డెల్ఫీన్ రొట్టెల పళ్ళేలు పెట్టింది, టీ పోసింది, ముసలివాళ్ళకి పంచదార కలిపి ఇచ్చింది. తనకి కుర్చీ మిగల్లేదు గనక టీ బల్ల పక్కనే నిలబడింది. కర్టిస్ ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేస్తూ వాగుల గురించి చెప్పాడు. బాగానే చెప్పాడు. కుందేళ్ల వాగు దగ్గరికి వచ్చేసరికి గొంతు ఇంకా మెత్తబడింది.

"ఇక్కడ ఒక చిన్న విషయం. స్థానిక సంప్రదాయం పట్ల మాకు ఎంతో గౌరవం. మాకు సాయం చేసే వ్యక్తి, మంచి మనసుతోనే, నీళ్ళకి పొగాకు సమర్పించడం వల్ల..."

"డెల్ఫీన్, వాగుకి చుట్ట అలవాటు చేశావా?" అన్నాడు వెనకనుంచి ఎవరో.

హాలంతా నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. రొట్టె నోట్లో పెట్టుకుని నవ్వే నవ్వు.

"ఇక మీద పొగాకు డెల్ఫీన్ అనాలి," అన్నాడు ఇంకొకడు. మళ్ళీ నవ్వు.

ఒక పేరు పుట్టడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. ఎంత తేలిగ్గా పుట్టింది. రేపు చేపల వలల దగ్గరికి వెళుతుంది, ఆ తర్వాత పెళ్ళిళ్ళకి, ఆ తర్వాత ఇంకా పుట్టని పిల్లల నోళ్ళలోకి. ముందు వరసలో మోటారు ముంచిన అల్ఫోన్సీన్ టీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఆవిడ ఒక్కతే నవ్వలేదు.

గిల్బర్ట్ ఆమె వంక చూసి గడ్డం కాస్త కిందికి దించాడు. ఊపు, అని.

డెల్ఫీన్ టీ కెటిల్ బల్ల మీద పెట్టింది.

"కర్టిస్, ఆ చేతుల పద్ధతి వీళ్ళకి చెప్పలేదు నువ్వు," అంది. గొంతు పెద్దగా లేదు. అలిసిపోయిన గొంతు. "శుభ్రమైన చేతులు ఎవరివి?"

"నావి," అన్నాడు కర్టిస్.

"మురికి చేతులు?"

"అది ఊరికే పేరండీ. అవమానంగా పెట్టింది కాదు..."

"నాకు తెలుసు. ఎవరివి?"

"మీవి."

"డెల్ఫీన్, ఇక్కడ టీ అయిపోయింది," అన్నాడు గిల్బర్ట్ గోడ దగ్గర్నుంచి.

"కెటిల్ అక్కడే ఉంది," అంది ఆమె అటు తిరగకుండానే. "పద్ధతి ప్రకారం నా చేతులు సీసాని ముట్టుకోకూడదు. నేను ముట్టుకోలేదు. వేసవంతా సంచీలు విప్పాను, పెట్టెలు మోశాను, ఇతని నడుం పట్టుకున్నాను. సీసా ఎంత చల్లగా ఉంటుందో కూడా నాకు తెలీదు. నా చేతుల్లోంచి ఆ సీసాలోకి పొగాకు వెళ్ళే దారి లేదు. ఇక ఎలా వెళ్ళిందో, ముట్టుకున్న మనిషిని అడగండి."

ఆమె చెప్పవలసింది అంతే. వసంతం ట్రైనింగ్ ఉంటుందో ఊడుతుందో తెలీదు. గ్రేడరు బండి సంగతి ఇంట్లో ఎన్నాళ్ళు వినాలో తెలీదు. కాళ్ళు లాగుతున్నాయి. గోడ పక్కన బోర్లించి ఉన్న పాల ప్యాకెట్ల ప్లాస్టిక్ పెట్టె ఒకటి కనబడితే లాక్కుని దాని మీద కూర్చుంది. మీటింగులో ఆమె కూర్చోవడం అందరూ మొదటిసారి చూశారు.

గోడ మీద కుందేళ్ల వాగు బొమ్మ పచ్చగా వెలుగుతోంది. కర్టిస్ దాని ముందు నిలబడి తన చేతుల వంక చూసుకున్నాడు.

"గ్లవ్స్ మార్చుకోమని చెప్పారు ఆవిడ," అన్నాడు చివరికి. "నేనే వినలేదు. పొగాకు వేసింది నేను."

ఎవరూ నవ్వలేదు. రొట్టె నమిలే చప్పుడు కూడా ఆగింది. ముందు వరసలోంచి ఒక కప్పు, సాసరు మీదికి నెమ్మదిగా దిగిన చప్పుడు వినబడింది.

అల్ఫోన్సీన్ లేవలేదు, వెనక్కి తిరగలేదు. గోడ మీది వాగుతో చెబుతున్నట్టు అంది.

"ఆ మోటారు కూడా నేను ముంచలేదు."